కౌవన్ నుంచి బ్రూక్లిన్ దాకా: హాక్స్‌బరీ నది పక్కన కొండ వెన్ను మీద ఒకరోజు నడక – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మధ్య శీతాకాలం ఆదివారాల్లో సిడ్నీ ఉత్తర భాగంలోని హార్న్స్‌బీ స్టేషన్‌లో బ్యాక్‌ప్యాక్‌లు తగిలించుకుని తెలుగులో మాట్లాడుకుంటున్న గుంపులు తరచూ కనిపిస్తున్నాయి. వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, స్కోఫీల్డ్స్ వైపు నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ. చూస్తే సంతోషంగా ఉంటుంది. కానీ చేతిలో అరలీటరు నీళ్ళ బాటిల్, కాళ్ళకి ఆఫీసు స్నీకర్లు కనిపిస్తే మాత్రం టెన్షన్ వస్తుంది. ఈ దారిలో నేను చాలాసార్లు నడిచాను. తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఒకచోట ఉంటే మేలని ఇలా రాస్తున్నాను.

ఇంతకీ ఈ దారి ఎక్కడుంది?

సిడ్నీకి ఉత్తరాన, కు-రింగ్-గాయ్ చేజ్ నేషనల్ పార్కులో. సిడ్నీ నడిబొడ్డు నుంచి న్యూకాజిల్ దాకా 250 కిలోమీటర్లకు పైగా సాగే గ్రేట్ నార్త్ వాక్‌లో ఇదొక ముక్క. ఆ పొడవాటి బాటను 1988లో, ఇంగ్లిష్‌వాళ్ళు ఇక్కడ దిగి 200 ఏళ్ళయిన సందర్భంగా తెరిచారు. మనం నడిచేది కౌవన్ రైల్వే స్టేషన్ నుంచి బ్రూక్లిన్‌లోని హాక్స్‌బరీ రివర్ స్టేషన్ వరకు. రెండు చివరలా రైల్వే స్టేషన్లే కాబట్టి కారు ఎక్కడ పెట్టాలి, మళ్ళీ దాని దగ్గరికి ఎలా రావాలి అన్న తలనొప్పి లేదు.

ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

దాదాపు 13 కిలోమీటర్లు. మామూలు ఒంటి సత్తువ ఉన్నవాళ్ళకి ఆగుతూ, తింటూ 5 నుంచి 6 గంటలు. గుంపులో ఒక్కరు నెమ్మదిగా నడిచేవాళ్ళున్నా 7 గంటలు వేసుకోండి. గుంపు వేగం అంటే అందులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ వేగమే. వాళ్ళని వెనక వదిలేసి ముందు వెళ్ళి ఆగడం కాదు, వాళ్ళనే ముందు నడవనివ్వాలి.

13 కిలోమీటర్లేగా! పార్కులో వారానికి రెండుసార్లు 10 కిలోమీటర్లు నడుస్తాం. కష్టమెక్కడ?

కష్టం దూరంలో లేదు, ఎక్కుడు దిగుళ్ళలో ఉంది. కౌవన్ సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున, కొండ వెన్ను మీద ఉంది. అక్కడి నుంచి దారి తిన్నగా జెరూసలెం బే అనే నీటి పాయ దగ్గరికి, అంటే సముద్ర మట్టానికి దిగిపోతుంది. మళ్ళీ కొండెక్కుతుంది. ఇంకో లోయలోకి దిగుతుంది. మళ్ళీ ఎక్కుతుంది. చివర్లో బ్రూక్లిన్‌కి, అంటే మళ్ళీ నీటి మట్టానికి దిగుతుంది. ఎక్కే చోట్ల మెట్లుంటాయి కానీ అన్నీ ఒక కొలతలో ఉండవు. ఒకటి జానెడు ఎత్తుంటే పక్కది మోకాలెత్తు. కొన్నిచోట్ల ఇసుకరాతి బండలు చేతులతో పట్టుకుని ఎక్కాలి.

అసలు చిక్కు మొదటి గంటలో ఉంది. స్టేషన్ నుంచి ఫుట్‌బ్రిడ్జి మీదుగా రైలు పట్టాలు, మోటర్‌వే దాటగానే అంతా దిగుడే. నీడ, పక్షుల అరుపులు, పక్కనే సన్నటి వాగు. కబుర్లు చెప్పుకుంటూ ముప్పావు గంట, గంటలో జెరూసలెం బే చేరిపోతాం. ‘ఇంతేనా, దీనికా ఇంత భయపెట్టారు?’ అనిపిస్తుంది. కష్టమైన భాగం ఇంకా మొదలవలేదన్న సంగతి అక్కడ ఒంటికి తెలియదు. అందుకే అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటే చెబుతాను: జెరూసలెం బే దగ్గర కూర్చుని లెక్క చూసుకోండి. టైమెంత, తలా ఎన్ని నీళ్ళు మిగిలాయి, ఎవరికైనా మోకాలు, పాదం నొప్పిగా ఉందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి బాగా లేకపోయినా అక్కణ్ణించి కౌవన్‌కి తిరిగి ఎక్కడం సుమారు రెండున్నర కిలోమీటర్లే. ముందుకు వెళ్ళాక ఆ వెసులుబాటు ఉండదు. దారి మధ్యలో ఎవరో కారుతో వచ్చి ఎక్కించుకుంటారని లెక్కలో పెట్టుకోకండి.

అలిపిరి మెట్లన్నీ ఆగకుండా ఎక్కినవాళ్ళం. ఇది మాకు కష్టమా?

అలిపిరిలో 3,550 మెట్లున్నాయి. అది తక్కువ పని కాదు, ఎక్కారంటే కాళ్ళలో సత్తువ ఉన్నట్టే. కానీ అక్కడ నెత్తిమీద చాలాచోట్ల రేకుల నీడ, అడుగడుగునా నీళ్ళు, టాయిలెట్లు, సోడా బడ్డీలు, ముందూ వెనకా గోవింద నామాలు చెబుతూ వందలమంది ఉంటారు. కళ్ళు తిరిగి కూర్చుంటే నిమిషంలో పదిమంది చుట్టూ చేరతారు. ఇక్కడ వారం మధ్యలో వెళితే గంటలతరబడి మనిషి కనపడకపోవచ్చు. కొట్టు లేదు, కుళాయి లేదు. పైగా అక్కడ ప్రధానంగా ఎక్కుడే, ఇక్కడ దిగుళ్ళు కూడా అంతే ఉంటాయి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రెండు ట్రెక్కింగ్ కర్రలు తెచ్చుకోండి, చాలా తేడా తెలుస్తుంది.

కౌవన్ నుంచి మొదలుపెట్టాలా, బ్రూక్లిన్ నుంచా?

కౌవన్ నుంచి. మొత్తం మీద దిగేది ఎక్కువ, ఎక్కేది తక్కువ అవుతుంది. చివర్లో బ్రూక్లిన్‌లో తిండి, టాయిలెట్, నది ఒడ్డున కూర్చునే చోటు ఉన్నాయి. తిరగేసి నడిస్తే అలసిన కాళ్ళతో ఆఖరున కౌవన్‌కి ఎక్కాలి.

ఎన్నింటికి బయల్దేరాలి?

కౌవన్ ప్లాట్‌ఫాం మీద పొద్దున 8:30 కల్లా దిగండి. 9 అయినా ఫరవాలేదు. 10 దాటితే ఆ రోజు జెరూసలెం బే దాకా వెళ్ళి తిరిగి రండి, మిగతాది ఇంకో వారం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి వెళ్ళింది జూన్‌లో. ఐదుగురం. ఒకరి కోసం ఒకరం ఆగి, కాఫీలు తాగి, కౌవన్‌లో దిగేసరికి 11:20. సిడ్నీలో జూన్‌లో సాయంత్రం 5 కాకముందే పొద్దుగూకుతుందని తెలుసు. కానీ మొదటి దిగుడు హాయిగా ఉండేసరికి ఆ సంగతే మర్చిపోయాం. రెండో ఎక్కుడులో మాలో ఒకాయనకి రెండు పిక్కలూ పట్టేశాయి. నాలుగడుగులు వేయడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. లోయలో చీకటి సూర్యాస్తమయం కంటే ముందే వచ్చేస్తుంది. ఐదుగురి దగ్గరా కలిపి ఒక్క టార్చ్ లేదు. ఒక ఫోన్‌లో 18 శాతం బ్యాటరీ మిగిలింది. ముందున్నవాళ్ళు మెట్టు ఎక్కి, ఫోన్ వెనక్కి తిప్పి, వెనకవాళ్ళ పాదాల ముందు వెలుగు పట్టేవాళ్ళు. అలా ఒక్కో మెట్టూ నడిచాం. ఆ చీకట్లో ఆయన చెయ్యి నా భుజం మీద ఎంత బరువుగా ఆనిందో ఇప్పటికీ గుర్తుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ తగలకపోవడంలో మా గొప్పతనం ఏమీ లేదు. అప్పటి నుంచి ఎంత ఎండ కాస్తున్నా నా సంచిలో హెడ్‌టార్చ్ ఉంటుంది. మీలో ప్రతివాళ్ళ సంచిలోనూ ఉండాలి.

ఏ నెలల్లో బాగుంటుంది?

మే నుంచి సెప్టెంబరు వరకు. నాకైతే ఆగస్టు చివర, సెప్టెంబరు మొదలు బాగా ఇష్టం. పగలు కాస్త పొడవవుతుంది, ఎండ మెత్తగా ఉంటుంది, కొండ వెన్ను మీద అడవి పూలు విరగబూస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ఎండాకాలం, అప్పుడు వద్దు. ‘విజయవాడ ఎండల్లో పెరిగాం, ఈ 35 డిగ్రీలు ఒక లెక్కా’ అనే మాట చాలాసార్లు విన్నాను. విజయవాడలో మే నెల మధ్యాహ్నం బరువు మోసుకుంటూ కొండ ఎవరెక్కుతారు? అక్కడ ఎండలో పెరిగినవాళ్ళు ఎండకు తలుపులేసుకుని ఇంట్లో ఉంటారు. ఆ తెలివే ఇక్కడా కావాలి.

పెద్ద వాన పడిన మర్నాడు కూడా మానుకోండి. ఇసుకరాయి పొడిగా ఉంటే బూటుకి గరుకుగా పట్టు దొరుకుతుంది. తడిసి, మీద నాచు ఉంటే సబ్బు రాసినట్టే.

బుష్‌ఫైర్, అంటే అడవి మంటల సంగతి ఎలా తెలుసుకోవాలి?

ముందురోజు రాత్రి, బయల్దేరే ముందు పొద్దున, రెండుసార్లు చూడండి. దగ్గర్లో మంటలుంటే చెప్పే హజార్డ్స్ నియర్ మీ యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. నేషనల్ పార్క్స్ వాళ్ళ సైట్‌లో ఆ పార్కుకి సంబంధించిన అలర్టులు చూడండి. 2022 సెప్టెంబరు నుంచి ఆస్ట్రేలియా అంతటా మంటల ప్రమాదానికి నాలుగు స్థాయులు పెట్టారు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటస్ట్రాఫిక్. నా పద్ధతి సులువు. ఎక్స్‌ట్రీమ్ అంటే ఇంట్లోనే. హై అయి, గాలి బాగా వీస్తుంటే అప్పుడు కూడా వెళ్ళను. ఇక్కడి యూకలిప్టస్ చెట్ల ఆకుల్లో నూనె ఉంటుంది, మంట గుట్ట మీదికి ఎగబాకే వేగం మనిషి పరుగెత్తే వేగం కన్నా ఎక్కువ. దిగువన మంట, పైన మనం ఉంటే తప్పించుకునే దారి దొరకదు.

చలికాలంలో కూడా దారి మూసేసే రోజులుంటాయి. ఎండాకాలపు మంటలు తగ్గించడానికి ముందుగానే కొన్నిచోట్ల అడవిని కావాలని కాలుస్తారు, ఆ రోజుల్లో బాట మూసేస్తారు. అందుకే అలర్టులు చూడకుండా రైలెక్కొద్దు.

నీళ్ళు ఎన్ని తీసుకెళ్ళాలి?

చలికాలంలో మనిషికి 2 లీటర్లు తక్కువలో తక్కువ, 3 అయితే నిశ్చింత. దారిలో తాగదగ్గ నీళ్ళు లేవనే అనుకోండి. జెరూసలెం బేలో కనిపించేది ఆటుపోట్ల ఉప్పునీరు. వాగుల నీళ్ళు, దారి చివర్లో వచ్చే బ్రూక్లిన్ ఆనకట్ట నీళ్ళు శుద్ధి చేయకుండా తాగకూడదు. సంచి బరువని నీళ్ళు తగ్గించుకోవద్దు. నడిచేకొద్దీ తగ్గే బరువు అదొక్కటే.

ఉత్త నీళ్ళే తాగుతూ చెమట కారిస్తే పిక్కలు పట్టేయొచ్చు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఒక బాటిల్ తెచ్చుకుని మొదటి రెండు గంటల్లో తాగేయండి. లేదా ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు జేబులో వేసుకోండి.

తినడానికి?

పులిహోర. చింతపండు, ఉప్పు, నూనె ఉన్న అన్నం మధ్యాహ్నం దాకా పాడవదు, పొడిపొడిగా ఉంటుంది, చల్లారినా రుచి పోదు. చపాతీలో వేపుడు చుట్టుకున్నా సరే. ఎండ ఉన్న రోజు పెరుగన్నం వద్దు. వేరుసెనగ ఉండలు, ఖర్జూరాలు పై జేబులో ఉంచుకుని గంటకోసారి తినండి. అన్నం మొత్తం ఒకేసారి కడుపునిండా తిని వెంటనే ఎక్కుడు మొదలుపెడితే సగం దారిలో కళ్ళు మూతలు పడతాయి. జెరూసలెం బేలో సగం తినండి, రెండో ఎక్కుడు అయ్యాక కొండ మీద మిగతా సగం.

తొక్కలు, కవర్లు, టిష్యూలు అన్నీ తిరిగి తెచ్చేయాలి. కమలాపండు తొక్క మట్టిలో కలిసిపోతుందిలే అనుకోకండి, ఆ పొడి ఇసుక నేలలో నెలల తరబడి అలాగే ఉంటుంది. ఒక ఖాళీ జిప్ కవర్ తెచ్చుకుంటే సరిపోతుంది.

బూట్లు, బట్టలు?

ఖరీదైన హైకింగ్ బూట్లే ఉండాలని లేదు. అడుగు అరగని, గట్లు లోతుగా ఉన్న షూ చాలు. కొత్తవి మాత్రం అదేరోజు మొదటిసారి వేయొద్దు. జీన్స్ వద్దు, తడిస్తే బరువు, రాపిడి. పొడవు ప్యాంటు, పొడవు సాక్సులు వేసి, ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి. ఎందుకో పిడుదుల దగ్గర చెబుతాను. టోపీ, సన్‌స్క్రీన్, ఒక పల్చటి వాన కోటు.

దారి తప్పుతామా?

చాలావరకు తప్పం. గ్రేట్ నార్త్ వాక్ గుర్తు వేసిన కర్రలు, బాణం గుర్తులు దారి పొడవునా ఉంటాయి. తప్పేది ఎక్కడంటే, సన్నబాట వెళ్ళి అగ్నిమాపక బండ్లు వెళ్ళే వెడల్పాటి ఫైర్ ట్రయిల్‌లో కలిసే చోట. వెడల్పు దారి కనిపించగానే కబుర్లలో పడి దాన్నే పట్టుకుని పోతాం. పది నిమిషాలు నడిచినా గుర్తు కనపడకపోతే ఆగండి, ఆఖరి గుర్తు దాకా వెనక్కి రండి. అడ్డంగా అడవిలో పడి దారి కలుపుకుందామనే ఆలోచన అసలు వద్దు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా? ఏదైనా జరిగితే?

కొండ మీద చాలాచోట్ల దొరుకుతుంది, లోయల్లో పోతుంది. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ ముందే పెట్టుకోండి. మీరున్న చోటు అక్షాంశ రేఖాంశాలు అందులో కనిపిస్తాయి, ఇక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేసినప్పుడు అవే చదివి చెప్పొచ్చు. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 000 కలుస్తుంది. కాబట్టి ‘నో సర్వీస్’ అని ఉన్నా చేసి చూడండి.

తరచూ నడిచేవాళ్ళు పర్సనల్ లొకేటర్ బీకన్ కొనుక్కోవడం మంచిది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా సహాయ బృందాలకి కబురు వెళుతుంది, టవర్ అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి: ఏ దారి, ఎవరెవరు, ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు, ఆ టైముకి చేయకపోతే ఎవరికి చెప్పాలి. ‘ఎక్కడికో హైక్‌కి వెళ్ళారు’ అన్న మాటతో పోలీసులు ఏ కొండలో వెతుకుతారు?

000కి ఫోన్ చేస్తే బిల్లు వస్తుందని భయంగా ఉంటుంది...

ఈ ప్రశ్న మనవాళ్ళు గట్టిగా అడగరు, పక్కకి పిలిచి అడుగుతారు. నిజమే, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ అంబులెన్స్ ఖర్చు భరించదు. ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్‌లో అంబులెన్స్ కవర్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే అదొక్కటీ విడిగా తీసుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. విద్యార్థులు తమ ఓఎస్‌హెచ్‌సీ (విదేశీ విద్యార్థుల ఆరోగ్య బీమా) పాలసీలో ఏముందో చదువుకోండి. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల విజిటర్ ఇన్సూరెన్స్ కూడా చూడండి. ఇవన్నీ ఇంట్లో తేల్చుకోవాల్సినవి. కొండ మీద ఒక మనిషి స్పృహ తప్పుతున్నప్పుడు ఆలోచించాల్సినవి కావు. అక్కడ ఫోన్ చేయడమే. ఇంగ్లిష్ తడబడితే ఏ సేవ కావాలో ఒక్క మాట చెప్పి ‘తెలుగు’ అనండి, లైన్‌లోనే ఉండండి. దుబాసీని కలుపుతారు.

పాములు?

ఉన్నాయి. ఎర్రపొట్ట నల్లపాము, బ్రౌన్ స్నేక్, డెత్ ఆడర్, విషం లేని డైమండ్ పైథాన్. చాలావరకు మన అడుగుల అదురు తెలియగానే తప్పుకుంటాయి. డెత్ ఆడర్ మాత్రం ఆకుల్లో కదలకుండా పడుకుంటుంది. అందుకే అడుగు వేసేచోట చూసి వేయాలి, బండ సందుల్లో చెయ్యి పెట్టకూడదు.

కాటు పడితే చేయాల్సింది మన ఊళ్ళలో విన్నదానికి పూర్తిగా భిన్నం. కోయొద్దు, పీల్చొద్దు, బిగించి తాడు కట్టొద్దు, కడగను కూడా కడగొద్దు. చర్మం మీద మిగిలిన విషం చూసి ఏ విరుగుడు ఇవ్వాలో ఆసుపత్రిలో తేల్చుకోవచ్చు. కాటు పడిన చెయ్యి లేదా కాలు మొత్తానికి, వేళ్ళ దగ్గర్నుంచి పై దాకా, వెడల్పాటి సాగే బ్యాండేజీ గట్టిగా చుట్టాలి. బెణికిన మడమకి కట్టేంత బిగువు. తర్వాత కర్ర ముక్క కట్టి కదలకుండా చేయాలి. మనిషి ఒక్క అడుగు కూడా నడవకూడదు, సాయమే అక్కడికి రావాలి. అందుకే రెండు సాగే బ్యాండేజీలు లేకుండా బయల్దేరొద్దు. ముందురోజు ఇంట్లో ఒకరి కాలికి ఒకరు చుట్టి చూడండి, మొదటిసారి చేసేటప్పుడు చేతులు తడబడతాయి.

ఫనల్‌వెబ్ సాలీడు?

సిడ్నీ చుట్టుపక్కల ఉండేదే. ప్రథమ చికిత్స పైన చెప్పినదే. దీనికి 1981లో విరుగుడు మందు వచ్చింది, అప్పటి నుంచి ఈ కాటుతో మరణాలు ఆగిపోయాయి. నేలమీద విప్పి పెట్టిన బూట్లు, సంచి మళ్ళీ తొడుక్కునే ముందు దులపండి.

మరి అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏది?

పిడుదులు. పాము కోసం భయపడుతూ అందరూ వీటిని మర్చిపోతారు. మన దగ్గర కుక్కలకి, గేదెలకి పట్టే పిడుదు జాతివే. ఇక్కడి పారాలిసిస్ టిక్ గడ్డి చివర, పొద ఆకు చివర కాళ్ళు చాపుకుని కాచుకుని ఉంటుంది. మీ ప్యాంటు రాసుకుంటే ఎక్కేస్తుంది. నువ్వుగింజంత ఉంటుంది, ఎక్కినట్టే తెలియదు. నడుము బెల్టు కింద, మోకాలి వెనక, చంకలో, చెవి వెనక, జుట్టు మొదట్లో మెత్తటి చోటు వెతుక్కుని తల లోపలికి దూర్చేస్తుంది.

నాకు ఒకసారి రాత్రి స్నానం చేస్తుంటే మడమ పైన చిన్న పొక్కు తగిలింది. గోరుతో గిల్లబోయి ఆగాను. దీపం దగ్గర పెట్టి చూస్తే బూడిదరంగు పొట్ట, దానికి అటూ ఇటూ కదులుతున్న కాళ్ళు. ఆ గిల్లడమే చేయకూడనిది. నొక్కితే దాని ఉమ్మి మన ఒంట్లోకి దిగుతుంది. కొందరికి దానివల్ల తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఇంకొందరికి ఆ తర్వాత మేకమాంసం లాంటివి తింటే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం. ఇక్కడి డాక్టర్లు చెప్పే పద్ధతి, ఫార్మసీలో దొరికే పిడుదులను గడ్డకట్టించే స్ప్రే కొట్టి, అది చచ్చి దానంతట అది రాలేదాకా ఆగడం. కంటికి ఆననంత చిన్నవాటికి పెర్మెత్రిన్ క్రీమ్. మొహం వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే 000.

రాకుండా చూసుకోవడం తేలిక: ప్యాంటు సాక్సులోకి దోపడం, రిపెల్లెంట్ రాసుకోవడం, పొదల మధ్య కూర్చోకుండా బండ మీద కూర్చోవడం.

జెరూసలెం బేలో ఈత కొట్టొచ్చా?

వద్దని నా మాట. ఆటు మీద ఉంటే మోకాలి లోతు బురద, బండలకి అంటుకున్న ఆల్చిప్పలు కత్తిలా కోస్తాయి. హాక్స్‌బరీలో బుల్ షార్కులు తిరుగుతాయి. పైగా మనలో చాలామందికి ఈత సరిగా రాదు, చెరువులో నేర్చుకున్న ఈత ఇలాంటి నీళ్ళలో పనికిరాదు. కాళ్ళు తడుపుకుని రండి. బ్రూక్లిన్ డ్యామ్‌లో కొందరు దిగుతారు, ఈత బాగా వచ్చినా తలకిందులుగా మాత్రం దూకొద్దు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. తీసుకెళ్ళొచ్చా? పిల్లల్ని?

మొత్తం దారి వద్దు. కౌవన్ నుంచి జెరూసలెం బే వెళ్ళి రావడం సుమారు 5 కిలోమీటర్లు, కానీ తిరుగుదారంతా ఎక్కుడే. ఊళ్ళో ఇప్పటికీ పొలం తిరిగే నాన్నగారైతే హాయిగా ఎక్కేస్తారు. గుండె, బీపీ మందులు వాడేవాళ్ళకి అంతకన్నా మంచి చోటు ఇదే పార్కులోని బాబిన్ హెడ్. మడ చెట్ల మధ్య నుంచి చెక్కబాట వేశారు, వీల్‌చైర్ కూడా వెళుతుంది. పీతలు బురదలో బొరియల్లోకి దూరడం వంగి చూస్తూ మా అత్తగారు అక్కడే గంటసేపు ఉండిపోయారు. కోరింగ మడ అడవుల్లో కనిపించే తెల్లమడ జాతి చెట్టే ఇక్కడా ఉందని చెబితే ఆవిడ నమ్మలేదు. బురదలోంచి పెన్సిళ్ళలా పైకి లేచిన ఊపిరి వేళ్ళు చూశాక ‘అవును, ఇది మన కాకినాడ చెట్టే’ అన్నారు.

పిల్లలకి మొత్తం దారైతే పన్నెండేళ్ళు దాటాక, అదీ అంతకుముందు కొన్ని చిన్న నడకలు నడిచి ఉంటే.

దారిలో చూడ్డానికి ఏముంది? అంతా ఒకేలాంటి చెట్లేగా?

మొదటిసారి నాకూ అలాగే అనిపించింది. తర్వాత ఒక్కొక్కటిగా చుట్టరికం తెలిసింది. యూకలిప్టస్ అంటే మనకి జామాయిల్ తోటలు, వరసలు తీసి నాటిన సన్నటి బోదెలు. ఇక్కడ దాని చుట్టాలు వందేళ్ళ మానులై, బండని కౌగిలించుకుని పెరుగుతాయి. ఆంగోఫొరా అనే చెట్టు వసంతంలో పాత బెరడు రాల్చేస్తుంది. కింద నునుపైన నారింజ గులాబీ రంగు. అరచెయ్యి పెట్టి చూడండి, ఎండలో కూడా చల్లగా ఉంటుంది. కొమ్మ వంగినచోట చర్మం ముడతలు పడ్డట్టే ఉంటుంది. స్క్రిబ్లీ గమ్ అనే ఇంకో చెట్టు తెల్లటి బోదె మీద, చంటిపిల్లాడు పలక మీద గీసినట్టు మెలికల గీతలుంటాయి. అవి బెరడు కింద ఒక చిన్న చిమ్మట పురుగు తొలుచుకుంటూ పోయిన దారులు.

పాయ ఒడ్డున సన్నటి సూదుల్లాంటి ఆకులతో ఈలవేసే చెట్లు మన సముద్ర తీరంలోని సరుగుడు చెట్లకి అక్కచెల్లెళ్ళు. బాపట్ల, చీరాల వైపు పెరిగినవాళ్ళు కళ్ళు మూసుకుని ఆ గాలి చప్పుడు వింటే ఇంటికి వెళ్ళినట్టుంటుంది. శీతాకాలం చివర పసుపు ముద్దల్లా పూసే వాటిల్ మన తుమ్మకి బంధువు. గ్రాస్ ట్రీ ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లే పెరుగుతుంది. నడుమెత్తు మొద్దు కనిపిస్తే అది మీ తాతగారి కన్నా పెద్దది అయ్యుంటుంది, దాన్ని పట్టుకుని ఎక్కకండి.

ఉడుములు కనిపిస్తాయి, మనవాటి కన్నా పెద్దవి. మనిషిని చూసి చెట్టెక్కి వెనక్కి తిరిగి చూస్తాయి. అన్నం డబ్బా తెరిచి వదిలేయకండి.

నది ఇంత లోతైన లోయల్లో ఎందుకుంది?

ఇది ఇసుకరాతి పీఠభూమి, 20 కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి. నది దాన్ని కోసుకుంటూ పోయి లోతైన లోయలు చేసింది. ఆఖరి మంచుయుగం ముగిసి సముద్రం పైకి లేచినప్పుడు ఆ లోయల్లోకి ఉప్పునీరు ఎక్కింది. మీరు చూసే పాయలన్నీ మునిగిపోయిన లోయలే. అందుకే ఒడ్డు అంటూ వెడల్పుగా ఉండదు, కొండ నేరుగా నీళ్ళలోకి దిగుతుంది.

ఈ నదికి ఇక్కడి ఆదివాసుల పేరు డీరబ్బిన్. వాళ్ళు వేల ఏళ్ళుగా ఈ ఒడ్డున చేపలు, ఆల్చిప్పలు తిని బతికారు. పార్కులో అక్కడక్కడ పాత గుల్లల దిబ్బలు, బండల మీద చెక్కిన చేపలు, కంగారూల బొమ్మలు ఉన్నాయి. 1894లో ఈ నేలని పార్కుగా ప్రకటించడానికి చాలా ముందు నుంచే ఇది ఒకరి ఇల్లు. బండ మీద గీతలు కనిపిస్తే వాటి మీద నడవకండి, సుద్దతో దిద్దకండి, పేర్లు చెక్కకండి.

కుక్కని తీసుకెళ్ళొచ్చా? స్పీకర్‌లో పాటలు?

నేషనల్ పార్కులో పెంపుడు జంతువులకి అనుమతి లేదు. పాటలు వద్దు. లైర్‌బర్డ్ అనే పక్షి ఇక్కడ ఉంటుంది, పది పక్షుల గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అనుకరిస్తుంది. స్పీకర్ పెట్టుకున్నవాళ్ళకి అది వినపడదు.

రైలు విషయంలో ఏం చూసుకోవాలి?

మూడు సంగతులు. సెంట్రల్ కోస్ట్ లైన్‌లో అన్ని రైళ్ళూ కౌవన్‌లో ఆగవు, హార్న్స్‌బీలో బోర్డు చూసి ఎక్కండి. చిన్న స్టేషన్లలో అన్ని పెట్టెల తలుపులూ తెరుచుకోకపోవచ్చు, ఏ పెట్టెల్లో ఉండాలో అనౌన్స్‌మెంట్ వినండి. ఇక శని ఆదివారాల్లో ట్రాక్‌వర్క్, అంటే పట్టాల పని ఉంటే రైళ్ళ బదులు బస్సులు నడుపుతారు, గంట ఆలస్యం ఇట్టే అవుతుంది. ముందురోజే చూసుకోండి.

బ్రూక్లిన్ డ్యామ్, ఆ తర్వాత?

డ్యామ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆవిరి ఇంజన్ల కాలంలో రైళ్ళకి నీళ్ళ కోసం కట్టిన చిన్న ఆనకట్ట. ఆఖరి విశ్రాంతికి మంచి చోటు. అక్కడి నుంచి ఫైర్ ట్రయిల్ నిటారుగా దిగుతుంది, గులకరాళ్ళ మీద జారి పడేది ఎక్కువగా ఇక్కడే. అయిపోయిందన్న ధీమాతో పరుగులు తీయకండి.

కింద నది, దాని మీద రైలు వంతెన. 1946లో కట్టిన ఈ వంతెన పక్కనే, 1889లో తెరిచిన మొదటి వంతెన రాతి స్తంభాలు నీళ్ళలో ఇంకా నిలబడి ఉన్నాయి. రాజమండ్రిలో కొత్త వంతెనల పక్కన హేవలాక్ వంతెనని చూస్తూ పెరిగినవాళ్ళు వాటి ముందు కాసేపు ఆగిపోతారు. 1889కి ముందు ప్రయాణికులు రైలు దిగి, ఆవిరి పడవ ఎక్కి వెళ్ళేవారు. రైలుకి టైముంటే రేవు దగ్గర వేడివేడి చిప్స్ తీసుకుని నది వైపు కూర్చోండి.

ఇంటికి వచ్చాక?

బట్టలు నేరుగా డ్రయర్‌లో వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పి, తర్వాత ఉతకండి. దాక్కున్న పిడుదులు చస్తాయి. ఒకరి వీపు, తల ఒకరు దీపం కింద చూసుకోండి. మర్నాడు పొద్దున మళ్ళీ ఒకసారి. మీరొచ్చారా అని ఫోన్ దగ్గర కూర్చున్నవాళ్ళకి వచ్చేశామని చెప్పడం మర్చిపోకండి.